దవడ నొప్పికి ఆక్యుపంక్చర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పంటి పోటుకు నాలుగు సూదులు గుచ్చించుకుంటే చాలు, పళ్ల డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. పుచ్చిన పన్ను పోటు సూదులతో కొన్ని గంటలు తగ్గినా లోపలి చీము అలాగే ఉంటుంది. చన్నీళ్లకు జివ్వుమన్నా, పడుకోగానే పోటెక్కినా, ఒకే పన్ను తడితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి. పన్ను పీకించుకున్నాక వచ్చే నొప్పికి ఆక్యుపంక్చర్ ఆశాజనకమని 1997లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిపుణుల సదస్సు చెప్పింది. అది వేరు, చీముపట్టిన పన్ను వేరు.

అపోహ: ముఖంలో ఏ నొప్పికైనా సూది ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: సూదికి కాస్త బాగా లొంగేది దవడ కండరాల నొప్పి. నిద్రలో పళ్లు నూరేవాళ్లకు, చెరుకు గడలు పళ్లతో చీల్చేవాళ్లకు (మన చిత్తూరు వైపు ఈ అలవాటు తక్కువేమీ కాదు) పొద్దున లేవగానే చెంప బరువుగా లాగుతుంది. పళ్లు బిగించి చెంప తడిమితే, దవడ మూలకు వేలెడు ముందు, కాస్త పైన కండరం ఉబికి తగులుతుంది. ఒక సూది అక్కడ. ఇంకొకటి చెవి ముందు, చెంప ఎముక కింది గుంటలో. నోరు మూసుకుంటేనే ఆ గుంట దొరుకుతుంది. తెరిస్తే దవడ ఎముక తల ముందుకు జరిగి పూడిపోతుంది. అందుకే సూది ఉన్న 20–30 నిమిషాలు మాట్లాడొద్దని, ఆవులింత ఆపుకోమని ముందే చెప్పాలి. లేదంటే సూది వంగుతుంది, లోపల నెత్తురు చిమ్మి చెంప కమిలిపోతుంది. మూడోది చేతిమీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. గర్భిణులకు ఇది వద్దు.

ఐదారు సిట్టింగులకూ మార్పు లేకపోతే సాగదీయకండి. నోట్లో నిలువుగా మూడు వేళ్లు పట్టకపోతే, వక్క, గుట్కా అలవాటుంటే అది కండరం నొప్పి కాకపోవచ్చు. నోటి లోపలి పొర బిరుసెక్కితే సూది ఏమీ చేయలేదు. నోట్లో మూడు వారాలైనా మానని పుండుకూ అంతే, పళ్ల డాక్టరుకు చూపించాల్సిందే.

అపోహ: కరెంటు షాక్ లాంటి నొప్పికి మాత్రలు మానేసి సూదులు పెట్టించుకోవచ్చు.

వాస్తవం: మొహం కడిగినా, గాలి తగిలినా క్షణాలపాటు మెరుపులా కొట్టేది ట్రైజెమినల్ అనే ముఖ నరం నొప్పి. దానికి మొదటి మందు కార్బమజెపైన్. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

అపోహ: సూదిలో మందు ఉంటుంది.

వాస్తవం: ఉండదు, అది బోలు సూది కాదు. ముఖానికి వాడేది సుమారు 0.20 మిల్లీమీటర్ల మందం. ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, వాడాక పారేయాలి. ఉపవాసంతో అలిపిరి మెట్లెక్కి దిగి నేరుగా వస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఏదైనా తిని, కాసేపు కూర్చుని, పడుకుని గుచ్చించుకోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

దవడ నొప్పితోపాటు చెమటలు, ఛాతీలో బరువు ఉంటే సూది ముట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.