తెల్ల బూడిదే బలమా? కాలిన చేను మీద అపోహలు, వాస్తవాలు

యాసంగి కోతలు అయిపోయి వరి కొయ్యలకు అగ్గి పెట్టే రోజులు వచ్చాయంటే మట్టి పరీక్షకు వచ్చేవాళ్లది ఒకటే ప్రశ్న. "సార్, తెల్లగా బూడిదయ్యేదాక కాలబెట్టిన. ఇగ ఎరువు తగ్గించొచ్చు కదా?"

తగ్గించొద్దు. ఎంత తెల్లగా కాలితే అంత బలం అన్న మాటంత నష్టం ఇంకే పుకారూ చేయడం లేదు. బూడిద తెల్లబడిందంటే ఆకులో, కట్టెలో ఉన్న కర్బనం దాదాపు అంతా పోయినట్టే. నత్రజని ఇంకా ముందే పోతుంది, 200 డిగ్రీలు దాటితే గాలిలో కలవడం మొదలు. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే ఆ నత్రజని దాదాపు మొత్తం, గంధకం సగం దాకా ఖతం. పొటాష్ చాలావరకు మిగులుతుంది, నిజమే. కానీ ఒక్క గాలివానకు బూడిదతో పాటే వాగులోకి పోతుంది.

తక్కువ మంటలో కాలింది నల్లగా ఉంటుంది. 300, 400 డిగ్రీల మధ్య సెల్యులోజ్, అంటే మొక్కలోని పీచు పదార్థం, విరిగిపోయి, మిగిలిన కర్బనం గట్టి వలయాలుగా అల్లుకుంటుంది. సూక్ష్మజీవులు దాన్ని తొందరగా తినలేవు. అందుకే బొగ్గు మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. వేడి 450 దాటి, గాలి బాగా ఆడితే ఆ బొగ్గూ కాలిపోయి కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లు మిగులుతాయి. నమ్మకం లేకపోతే చల్లారిన తెల్ల బూడిద మీద నిమ్మకాయ పిండి చూడండి, బుసబుసా పొంగుతుంది. ఆ పొంగేది సున్నం గుణం. ఆ బూడిద పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 9 పైన, ఒక్కోసారి 12 దాకా ఉంటుంది. మన రేగళ్లలో చాలావాటికి సున్నం ముందే ఎక్కువ. వాటిమీద ఇదీ పడితే జింకు, ఇనుము పంటకు అందవు. ఇక బూడిద మీదే యూరియా చల్లేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది, అది అమ్మోనియాగా లేచిపోతుంది.

నర్సంపేట దిక్కు నుంచి ఒక అక్క కళ్లనీళ్లతో వచ్చింది. పక్కచేను మంట ఆమె చేన్లోకి పాకిందట, నేల చచ్చిపోయిందని ఎవరో భయపెట్టారు. అంత టెన్షన్ అక్కర్లేదు. కొయ్యల మంట నిమిషాల్లో దాటిపోతుంది, రెండు మూడు అంగుళాల కిందికి వేడి పెద్దగా దిగదు. వెళ్లి చూస్తే దెబ్బతిన్నది ఒక్కచోటే, గట్టు పక్కన పత్తికట్టె కుప్ప రాత్రంతా కాలిన జాగా. అక్కడ మట్టి ఇటుకలా ఎర్రబడి, చేతిలో పొడిపొడి అవుతోంది. మట్టిలోని ఇనుము ఆ వేడికి రూపం మారితేనే ఆ రంగు. ఆ జాగా వరకు పశువుల పెంట ఎక్కువ వేయమన్నాను.

అడవి కాలితే నేలంతా ఒకేలా మారుతుందనుకుంటారు. ఏటూరునాగారం వైపు వేసవిలో చూడండి, ఎండిన దుంగ పడి కాలినచోట తెల్లటి చార, జానెడు పక్కన రాలిన ఆకు నల్లగా. తునికాకు చిగురు కోసం అగ్గే పెట్టాలన్నదీ ఉత్తదే, పొదలు నరికినా చిగురొస్తుంది.

కాలిన చేనుకు పరీక్ష చేయించాలంటే పైబూడిద పక్కకు తీసి మట్టి తియ్యండి. కుప్ప కాలిన జాగాది వేరే సంచిలో కట్టి, మీద రాసి తీసుకురండి. రెండూ కలిపి తెస్తే రిపోర్టు ఏ జాగాకూ పనికిరాదు.