ముందు తిరుగుదారి చూసుకోండి

సిడ్నీ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈ సెలవుల్లో ఒకరోజు బుష్ నడకకు మీరే దారి ఎంచుకుంటామనీ, మీ నాన్న వెంట వచ్చినా నోరు విప్పకుండా మీ వెనకే నడవాలనీ మీరు షరతు పెట్టినట్టు తెలిసి నాకు సంతోషం కలిగింది. విశాఖలో 30 ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పిన దాన్ని కనుక, సలహా అడిగిన పాపానికి పెద్ద ఉత్తరమే చదవవలసి వస్తుంది.

మొదట మాట సంగతి. బుష్ అంటే నిఘంటువులో పొద అని ఉంటుంది కానీ, ఆస్ట్రేలియాలో ఆ మాటకు ఊరు దాటాక ఉండే యూకలిప్టస్ చెట్లు, బ్యాంక్సియా పొదలు, ఇసుకరాతి బండలు అన్నీ కలిసిన నేల అని అర్థం. సిడ్నీలో ఇది సముద్రపు ఒడ్డు దాకా వస్తుంది. ఒక పక్క అల, ఇంకో పక్క అడవి, మధ్యలో కాలిబాట ఉన్న చోట్లు బస్సు టికెట్టు దూరంలోనే దొరుకుతాయి.

మీరు పంపిన ఫొటోలో ఉన్న ఫిగర్ ఎయిట్ పూల్స్ అందంగా ఉన్నాయి, కాదనను. రాయల్ నేషనల్ పార్క్ తీరంలో బండల మీద ఎనిమిది అంకె ఆకారంలో ఏర్పడిన మడుగు అది. అయితే ఆ ఫొటో అల నెమ్మదిగా ఉన్న రోజున, ఆటు సమయంలో తీసినది. పోటు వచ్చినప్పుడు, లేదా సముద్రం రేగినప్పుడు, ఒక్క అల ఆ బండ మీద నిలబడ్డవాళ్లను ఈడ్చి పడేస్తుంది. అలా దెబ్బలు తగిలినవాళ్లు చాలామంది ఉండబట్టే పార్కువారు ఆ చోటికోసం అలల ప్రమాద సూచన ఇస్తుంటారు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది కనుక, ఉదయం 10 గంటలకు పొడిగా ఉన్న బండ సాయంత్రం 4 గంటలకు అలల కింద ఉండవచ్చు. ఫొటోలో గడియారం కనిపించదు కదా. అందుకని మొదటి నడకకు అది వద్దు.

నన్నడిగితే స్పిట్ వంతెన నుంచి మ్యాన్లీ దాకా వెళ్లమంటాను. అది 10 కిలోమీటర్లు. వంతెన దగ్గరికి బస్సు వెళుతుంది, మ్యాన్లీ నుంచి నగరం నడిబొడ్డున ఉన్న సర్క్యులర్ కీ రేవుకు ఫెర్రీ వస్తుంది, అరగంట ప్రయాణం. క్లాంటార్ఫ్ ఇసుకతీరం దాటాక ఇళ్లు పోయి బుష్ మొదలవుతుంది. గ్రోటో పాయింట్ దగ్గర బండల మీద ఇక్కడి ఆదివాసులు చెక్కిన చేపలు, కంగారూ బొమ్మలు ఉన్నాయి. వాటి మీద కాలు పెట్టకండి, గీతల్లో వేలు పెట్టి రుద్దకండి. ఇంకా పైకెక్కితే హార్బర్ ముఖద్వారానికి రెండు వైపులా ఉన్న కొండకొమ్ములు ఎదురుగా కనిపిస్తాయి. నాకు ఆ చోట నిలబడ్డ ప్రతిసారీ మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ గుర్తుకొస్తుంది.

ఈ దారి గురించి ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం, ఒకసారి దీనిమీదే నేను చీకట్లో చిక్కుకోవడం. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది జూన్‌లో, మీరింకా పుట్టకముందు, మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయలుదేరాము. వంతెన దగ్గర నడక మొదలుపెట్టేసరికి 2 గంటలైంది. జూన్ అంటే మనకు రోహిణీ కార్తె వెళ్లి మృగశిర వచ్చే రోజులు, సాయంత్రం ఏడింటిదాకా వెలుతురు అన్న లెక్క నా తలలోంచి పోలేదు. ఇక్కడ అది నడి చలికాలం. సూర్యుడు 5 గంటలకు కాస్త ముందే అస్తమిస్తాడు. పైగా సిడ్నీకి కూడా విశాఖకు లాగే సముద్రం తూర్పున ఉంది, కాబట్టి పొద్దు నీళ్లలో కాక కొండల వెనక్కి జారుతుంది, చెట్ల కింద బాట ఇంకా ముందే మసకబారుతుంది. రీఫ్ బీచ్ చేరేసరికి వేర్లేవో మెట్లేవో తెలియలేదు. ఒక్క ఫోను వెలుగులో నలుగురం ఒకరి భుజం ఒకరు పట్టుకుని, గుడ్డివాళ్ల వరుసలా నడిచాము. దూరంగా దీపాలు వెలిగించుకుని మ్యాన్లీ ఫెర్రీ వెళుతుంటే మీ తాతయ్య, "అదుగో, మన పడవ మనల్ని వదిలేసి పోతోంది" అన్నారు. ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి నేను ప్రణాళికను చివరినుంచి మొదటికి వేస్తాను. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు నడక పూర్తవాలి అని రాసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టండి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కిన ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. ఆ లెక్కన మన 10 కిలోమీటర్లకు రెండు గంటలు, ఎక్కుళ్లకు మరికాస్త చాలు. కానీ ఆయన మధ్యలో పులిహోర తినడానికి ఆగేవాడు కాదేమో. ఈ దారికి మామూలుగా మూడు నాలుగు గంటలు చెబుతారు. మీరు ఐదు వేసుకోండి.

దూరం చూసి మోసపోకండి. 1:25,000 పటంలో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎత్తును చూపే పక్కపక్క గోధుమరంగు గీతల మధ్య 10 మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఒకదానిమీద ఒకటి పడినట్టు దగ్గరగా ఉంటే అక్కడ మెట్లు ఉన్నాయనీ, మీ చిన్న చెల్లి ఏడుస్తుందనీ అర్థం చేసుకోవాలి. ఇక్కడి బాటలకు కష్టాన్ని బట్టి 1 నుంచి 5 దాకా శ్రేణులు ఉంటాయి. 3 దాకా మీకు ఇబ్బంది ఉండదు, 4వ శ్రేణికి అనుభవం కావాలి, 5 ఊసు ఇప్పుడు ఎత్తకండి.

ముందురోజు రాత్రి పార్కు హెచ్చరికలు చూడండి. కార్చిచ్చు ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో పార్కులు మూసేస్తారు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, ఒక చలికోటు, టార్చి తప్పవు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. ఫోనులో ఎమర్జెన్సీ ప్లస్ యాప్ వేసుకుంటే, ఇక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసేటప్పుడు మీరున్న చోటు కచ్చితంగా చెప్పగలుగుతారు.

పాముల గురించి ఒక్క మాట. మన ఊళ్లలో కాటుకు పైన తాడు బిగించి కట్టడం నేను కళ్లారా చూశాను. ఇక్కడ అలా చేయకూడదు. కాటు కడగకుండా, వెడల్పైన సాగే బ్యాండేజీని కాటు మీద మొదలుపెట్టి ఆ కాలు లేదా చెయ్యి మొత్తానికి గట్టిగా చుట్టి, కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 000కు ఫోన్ చేయాలి. రెండు బ్యాండేజీలు నా బీరువాలో ఉన్నాయి, తీసుకోండి. ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ల వెనక రక్తం పీల్చే టిక్ పురుగులేమైనా పట్టాయేమో చూసుకోండి.

ఈ నడక బాగా జరిగితే తరువాత బండీనా అనే ఊరికి వెళ్దాం. క్రోనుల్లా నుంచి చిన్న ఫెర్రీ ఎక్కి, 1879లో ఏర్పడిన రాయల్ నేషనల్ పార్క్‌లో తెల్లటి వెడ్డింగ్ కేక్ రాక్ దాకా నడిచి రావచ్చు. ఆ రాయి విరిగిపడే స్థితిలో ఉందని 2015లో కంచె వేశారు, ఇవతలినుంచే చూడాలి. జూన్, జూలై నెలల్లో అక్కడి కొండ అంచు నుంచి ఉత్తరానికి వెళ్లే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనిపిస్తాయి. తొందరపడకుండా కూర్చుంటే చాలు, ముందు నీటి చిమ్ము కనబడుతుంది, తరువాత వీపు.

ముందుగా మ్యాన్లీ నుంచి సాయంత్రం ఫెర్రీలు ఎన్నింటికి ఉన్నాయో చూసి, ఆ రోజు సూర్యాస్తమయ వేళతో కలిపి నాకు రాయండి. పులిహోర ఎంతమందికి కలపాలో కూడా రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ