తుమ్మలపల్లె నీళ్ల తగాదా: గనికి ముందు ఏముంది?

డ్రిప్పు పైపు కొస విప్పి విదిలిస్తే తెల్లటి పొడి రాలుతుంది. కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల తోటల్లో ఎవరినడిగినా ముందు చూపించేది అదే. చూస్తే భయం వేస్తుంది కానీ ఆ పొడి ఒక్కటే సాక్ష్యం కాదు. సున్నపురాయి నేలల్లో, గని ఊసే లేని ఊళ్లలో కూడా డ్రిప్పర్లు ఇలాగే పూడుకుపోతాయి. ఇక్కడి బోరు నీళ్లను పాడుచేసింది గనా, నేలేనా అన్న తగాదా పదేళ్లకు పైగా తెగకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

గనులు నీటిని పాడుచేస్తాయి అనగానే మనకు బొగ్గు గుర్తొస్తుంది. కొత్తగూడెం, గోదావరిఖని వైపు గనుల్లో ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడి పోయాల్సిందే. అలా తోడేకొద్దీ చుట్టూ భూగర్భ మట్టం దిగుతుంది. బొగ్గులో గంధకం ఎక్కువున్న చోట నీరు పుల్లబడుతుంది కూడా. కడప జిల్లాలో ఆ గొడవ లేదు, ఎందుకంటే ఇక్కడ బొగ్గు దొరికే వీలే లేదు. ఈ రాళ్లు భూమ్మీద చెట్లు పుట్టకముందువి. ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీకి బొగ్గు రైల్లో రావాల్సిందే. అయితే గని దగ్గర నీటిని అంచనా కట్టే పద్ధతి బొగ్గుకైనా యురేనియానికైనా ఒకటే. తవ్వకముందు నీళ్లు ఎలా ఉన్నాయి, ఎంత లోతున ఉన్నాయి అన్నది రాసిపెట్టుకోవాలి. తర్వాతి లెక్కను దానితో పోల్చాలి.

పులివెందుల ప్రాంతంలో ఆ 'ముందు' కూడా నిలకడగా లేదు. ఒకప్పుడు ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులతో సాగిన సేద్యం కరెంటు మోటార్లకు, ఆ తర్వాత బోర్లకు మారింది. చీనీ (బత్తాయి), అరటి వచ్చాయి. జిల్లాలో ఏటా సగటున పడేది 700 మిల్లీమీటర్ల వాన, పులివెందుల వైపు అదీ తక్కువే. అరటికి అది ఏ మూలకు? ఒక బోరు ఎండితే పక్కనే ఇంకోటి, ఇంకా లోతుకు. అప్పు చేసి ఐదారు బోర్లు వేసిన రైతులున్న ఊళ్లివి. 2002లో బోర్ల తవ్వకాన్ని కట్టడి చేసే వాల్టా చట్టం వచ్చినా రిగ్గులు ఆగలేదు. అంటే గని మొదలయ్యేనాటికే మట్టాలు పడిపోతూ ఉన్నాయి. గని మీద కోపం ఎంత ఉన్నా ఈ మాట చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది.

యురేనియం ఉన్నది వేంపల్లె ఊరి పేరుతోనే పిలిచే రాతి పొరలో. అణు ఖనిజ విభాగం వాళ్లు 1980ల్లోనే దాన్ని గుర్తించారు కానీ, చాన్నాళ్లు కదిలించలేదు. ఖనిజంలో యురేనియం పాలు సుమారు 0.04 శాతం. టన్ను రాయి పిండి చేసినా దక్కేది 400 గ్రాములకు మించదు. పైగా ఇది సున్నపు రాయి జాతి. జార్ఖండ్‌లోని జాదూగూడలో వాడినట్టు ఆమ్లం పోస్తే, ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో వేడి, పీడనం పెట్టి కరిగించే పద్ధతిని తయారుచేసుకున్నారు. ఈ సోడియాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో యురేనియం కార్పొరేషన్ గని, మిల్లు ప్రారంభించింది. రోజుకు 3,000 టన్నుల సామర్థ్యం. టన్నుకు ఆ కాసిని గ్రాములు పోను మిగిలిన పిండంతా ముద్దగా పైపుల్లో కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువుకు చేరుతుంది. కనంపల్లె, మబ్బుచింతలపల్లె ఆ చుట్టుపక్కలవే.

కొన్నేళ్లకే ఫిర్యాదులు మొదలయ్యాయి. అరటి పెరగడం లేదని, బోరు నీళ్లు రుచి మారాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని. చెరువు అడుగున నీరు ఇంకకుండా బంకమట్టి పొర సరిగా వేయలేదన్నది ప్రధాన ఆరోపణ. 2019లో కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కు నోటీసు ఇచ్చింది. నిపుణుల కమిటీ కూడా వచ్చింది. కార్పొరేషన్ మాత్రం తన వాదన మార్చలేదు. ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి నీళ్లలోనూ ఉంటుంది, చెరువుకు సంబంధం లేదు అంటుంది. వినడానికి తప్పించుకునే మాటలా ఉన్నా, శాస్త్రపరంగా కొట్టిపారేయగలిగింది కాదు. యురేనియం ఉన్న రాతిలో బోరు దింపితే నీటిలో కొంత రావచ్చు.

దీనికి తోడు కొలబద్దలు కూడా రెండున్నాయి. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. లీటరుకు 45 ఉన్న బిందెడు నీళ్లు ఒక లెక్కన తాగొచ్చు, ఇంకో లెక్కన తాగకూడదు. ఆ బిందె మోసుకొచ్చిన మనిషి ఏ లెక్క నమ్మాలి?

యురేనియం అంకె ఒక్కటే పట్టుకుంటే ఈ ముడి విడదు. ఇక్కడే సోడియం పనికొస్తుంది. రాతి నుంచి ఊరే నీటిలో ఎక్కువగా ఉండాల్సింది కాల్షియం, మెగ్నీషియం. మిల్లు నుంచి వచ్చే నీటిలో సోడియం, సల్ఫేటు మెండు. ఒక బోరులో యురేనియంతో పాటు ఈ రెండూ ఏటికేడు పెరుగుతూ, చెరువుకు దూరమయ్యేకొద్దీ తగ్గుతుంటే అనుమానం చెరువు మీదకే పోతుంది. అలా కాకపోతే రాతి మీదకు. నేల చౌడుబారి అరటి దెబ్బతినడానికి యురేనియం అక్కర్లేదు, సోడియం చాలు.

ఇలా తేల్చాలన్నా పాత లెక్క కావాలి. చీనీ మొక్కలు నాటేముందో, డ్రిప్పు పెట్టించేటప్పుడో నీళ్లు పరీక్ష చేయించుకున్న రైతులు ఉండే ఉంటారు. ఆ రిపోర్టులో యురేనియం అంకె ఉండదు. ఉప్పు శాతం, సోడియం ఉండొచ్చు. 2012కు ముందు తేదీ ఉన్న అలాంటి కాగితం ఏ ఇంటి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, అదే బోరు నీళ్లు ఈ రోజు మళ్లీ పట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు.