ఆర్ భాషకు ఇతర భాషలతో పొత్తు: 1976 నుంచి సాగుతున్న కథ

గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్. అందులో 1 అని రాస్తే కంప్యూటర్ దాన్ని పూర్ణాంకంగా కాక, దశాంశ భాగానికి చోటున్న 64 బిట్ల సంఖ్యగా దాచుకుంటుంది. పూర్ణాంకమే కావాలంటే పక్కన ఎల్ అక్షరం చేర్చి 1ఎల్ అని రాయాలి. ఆర్‌లోనే పని ముగించుకునేవారికి ఈ తేడా ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. అదే 1ని, ఆర్‌ను మరో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌తో కలిపే రెటిక్యులేట్ ప్యాకేజీ ద్వారా పైథాన్‌కు పంపితే మాత్రం అక్కడికి 1.0గా చేరుతుంది, లిస్టులో స్థానాన్ని సూచించడానికి దాన్ని వాడబోతే పైథాన్ ఒప్పుకోక ఎర్రర్ చూపిస్తుంది. ఒకే బృందంలో కొందరు ఆర్, మరికొందరు పైథాన్ వాడుతున్న ఈ రోజుల్లో ఇలాంటి చిక్కులు చూసినవారికి, గణాంకాల కోసం పుట్టిన భాషకు ఇతర భాషలతో సంబంధం తరవాత ఎవరో అతికించినదని అనిపిస్తుంది. నిజానికి ఆ సంబంధం కోసమే ఆ భాష పుట్టింది.

ఆర్‌కు మాతృక ఎస్ అనే భాష. 1970ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ గణాంక పరిశోధకుల దగ్గర ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన సబ్‌రొటీన్లు (ఒక్కో లెక్క చేసే చిన్న ప్రోగ్రాము ముక్కలు) విస్తారంగా ఉండేవి. అయితే చిన్న విశ్లేషణకైనా వాటిని పిలిచే ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామును ప్రత్యేకంగా రాసుకోవలసి వచ్చేది. 1976 మే 5న జరిగిన సమావేశంలో ఎస్ రూపకర్త జాన్ చాంబర్స్ చూపిన చేతిరాత చిత్రంలో ఒక ఫోర్‌ట్రాన్ అల్గారిథమ్, దాని చుట్టూ దాన్ని భాషతో కలిపే మరో పొర ఉన్నాయి. ఎస్ మొదటి ఊహ అదే: లెక్క చేసేది ఫోర్‌ట్రాన్, మనిషితో మాట్లాడేది ఎస్. నలభై ఏళ్ల తరవాత, 2016లో వెలువడిన తన పుస్తకంలో చాంబర్స్ ఆర్‌కు మూడు మూలసూత్రాలు చెబుతూ, ఇతర సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఇంటర్‌ఫేసులు ఆర్‌లో భాగమేనన్నది వాటిలో ఒకటిగా పేర్కొన్నారు.

1990ల తొలినాళ్లలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను రూపొందించినప్పుడు పైకి ఎస్ వాక్యరీతిని ఉంచి, లోపలి యంత్రాన్ని స్కీమ్ భాష పద్ధతిలో, సి భాషలో రాశారు. 1995లో అది ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కిందకు వచ్చింది, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. మాత్రికల లెక్కలు మాత్రం ఫోర్‌ట్రాన్ సంప్రదాయానికి చెందిన బ్లాస్, లాప్యాక్ లైబ్రరీలకే అప్పగించారు. ఆర్ తన మాత్రికలను ఫోర్‌ట్రాన్ లాగే నిలువు వరుసల క్రమంలో దాచుకుంటుంది కనుక ఆ పక్కకు వెళ్లేటప్పుడు ఏదీ తిరగరాయనక్కరలేదు. అడ్డు వరుసల క్రమం అలవాటుగా ఉన్న పైథాన్ సంఖ్యల లైబ్రరీ నంపైతో పొత్తు కుదిరినప్పుడు మాత్రం ఈ విషయం గుర్తుపెట్టుకోవలసి వచ్చింది.

సి భాషతో కలపడం పైకి తేలికగా కనిపించినా, అసలు కష్టమంతా అక్కడే ఉంది. పాత పద్ధతిలో ఆర్ వెక్టర్ (విలువల వరుస)లోని సంఖ్యల నకలు మాత్రమే సి ఫంక్షన్‌కు అందేది. తరవాత వచ్చిన డాట్ కాల్ పద్ధతిలో ఆర్ వస్తువులే నేరుగా సి చేతికి వస్తాయి. దాంతో వేగం పెరిగింది. బాధ్యత కూడా పెరిగింది. ఎవరూ వాడని వస్తువుల మెమరీని ఆర్ తనంతట తానే తిరిగి తీసుకుంటుంది, కానీ సి కోడ్ వాడుతున్న వస్తువు సంగతి దానికి తెలియదు. ఆ వస్తువును కాపాడమని రచయిత ప్రొటెక్ట్ అనే పిలుపుతో స్పష్టంగా చెప్పాలి, పని కాగానే విడిచిపెట్టాలి. ఒక్కచోట మరిచిపోతే ప్రోగ్రాము వెంటనే కూలదు. ఎప్పుడో, సంబంధం లేని మరెక్కడో కూలుతుంది. 2005లో డొమినిక్ సాంపెరి మొదలుపెట్టగా, తరవాత డిర్క్ ఎడెల్‌బుటెల్, రోమైన్ ఫ్రాంస్వా పునర్నిర్మించిన ఆర్‌సీపీపీ ప్యాకేజీ ఈ కాపలా పనిని సి ప్లస్ ప్లస్ వస్తువుల పుట్టుకకూ ముగింపుకూ ముడిపెట్టింది. నేడు రెండు వేలకు పైగా ప్యాకేజీలు దానిపై ఆధారపడడానికి వేగమే కారణమని సాధారణంగా అంటారు గాని, ఈ కాపలా భారం తగ్గడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

బయటి భాషల నుంచి ఆర్‌ను పిలిచే ప్రయత్నాలూ తొందరగానే మొదలయ్యాయి. ఆర్ ఒకేసారి ఒకే దారంలో (థ్రెడ్‌లో) నడిచే యంత్రం కావడం అక్కడ అడ్డంకి. 2003లో సైమన్ ఉర్బనెక్ ప్రకటించిన ఆర్‌సర్వ్ యునిక్స్ యంత్రాలపై ప్రతి కనెక్షన్‌కూ విడి ప్రాసెస్ పుట్టించి దాన్ని దాటింది. పైథాన్ లోపలే ఆర్‌ను నడిపే ఆర్‌పీవై2 మరో దారి పట్టింది.

వీటన్నిటిలో పిలుపు కలిసింది, అర్థం కలవలేదు. గణాంకాల్లో అందని సమాచారానికి విలువ ఉంది. ఆర్‌లో దాని గుర్తును ఎన్ఏ (నాట్ అవైలబుల్) అంటారు. పూర్ణాంకాల్లో ఆర్ ఇందుకు -2147483648 అనే సంఖ్యను పక్కన పెట్టింది. దశాంశ సంఖ్యల్లో సంఖ్య కానిదాన్ని సూచించే బిట్ల అమరికలో 1954ను దాచింది. అది ఇహాకా పుట్టిన సంవత్సరం. ఆ ముద్ర ఆర్‌కు తప్ప మరే భాషకూ తెలియదు. పట్టికల డేటా కోసం పైథాన్‌లో వాడే పాండాస్ లైబ్రరీలోనేమో, చాలాకాలం పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క విలువ లోపించినా కాలమ్ మొత్తం దశాంశ సంఖ్యలుగా మారిపోయేది. మన దేశపు పది అంకెల మొబైల్ నంబర్లకు ఇది ప్రత్యేకంగా తగులుతుంది: ఆర్ పూర్ణాంకానికి గరిష్ఠం 2147483647 కనుక అవి దశాంశ సంఖ్యలుగానే ఉంటాయి, పైథాన్‌కు వెళ్లి అక్షరాలుగా మారితే చివర ఒక చుక్క, సున్నా చేరతాయి. వాటిని మొదటి నుంచీ అక్షరాలుగానే ఉంచడం మేలు.

2016లో పాండాస్ సృష్టికర్త వెస్ మెకిన్నీ, ఆర్ ప్రపంచంలో పేరున్న హ్యాడ్లీ విక్హమ్ కలిసి ఫెదర్ అనే ఫైలు రూపాన్ని తెచ్చారు. దాని వెనుక ఉన్న, భాషలన్నిటికీ ఉమ్మడి డేటా అమరిక అయిన అపాచీ యారోలో లోపించిన విలువలను సంఖ్యలలో దాచరు. విడిగా ఒక బిట్ల పట్టికలో గుర్తిస్తారు. ఒక భాష మరో భాషను పిలవడం బదులు, రెండూ ఒకే మెమరీ అమరికను చదవడం ఇక్కడి ఆలోచన. 2018లో వచ్చిన ఆర్ 3.5.0, ఆల్ట్‌రెప్ అనే ఏర్పాటుతో, బయట ఉన్న డేటాను కూడా సొంత వెక్టర్‌లా చూపించే వీలు కల్పించింది. అయినా 64 బిట్ల పూర్ణాంకానికి ఆర్ మూలభాషలో నేటికీ సొంత రకం లేదు. ప్యాకేజీలు సర్దుబాటు చేస్తున్నాయి.

ఇక ఇప్పటి వివాదం మరోచోట ఉంది. దశాబ్దాలుగా ఎన్నో ప్యాకేజీలు అధికారిక ద్వారాలు వదిలి, ఆర్ లోపలి నిర్మాణాన్ని నేరుగా తాకుతూ వచ్చాయి. ఆ నిర్మాణాన్ని మార్చుకునే స్వేచ్ఛ కోసం ఆర్‌ను నిర్వహించే ఆర్ కోర్ బృందం, బయటి సి కోడ్ ఏ ఫంక్షన్లను పిలవవచ్చో స్పష్టంగా విడదీసి, మిగతావాటిని వాడే ప్యాకేజీలకు తనిఖీల్లో హెచ్చరికలు ఇస్తోంది. కొన్ని పిలుపులకు అధికారిక ప్రత్యామ్నాయాలు వచ్చాయి. రానివాటిపై ఆధారపడిన ప్యాకేజీల నిర్వాహకులు తమ పాత కోడ్‌ను తిరిగి రాసుకుంటున్నారు.