అరిస్టోక్రాట్ తోక

అమలాపురంలో మా అన్నయ్య కూతురు పరీక్షకు చదువుకుంటూ అడిగింది: “బాబాయ్, అరిస్టోక్రాట్ అంటే జమీందారేనా?” పిఠాపురం కోట పేరు వింటూ పెరిగిన పిల్ల, అలాగే అనుకుంటుంది. కానీ జమీందారు అంటే పారసీలో నేల కలవాడు. అరిస్టోక్రాట్‌లో నేల ఊసే లేదు.

గ్రీకులో అరిస్టోస్ అంటే అందరిలోకీ మేలైనవాడు, క్రాటోస్ అంటే బలం, అధికారం. మేలైనవాళ్ల ఏలుబడి అరిస్టోక్రటియా. ఆ వర్గంలో పుట్టినవాడూ అరిస్టోక్రాటే, ఆ ఏలుబడే ఉండాలని వాదించేవాడూ అరిస్టోక్రాటే. 1789 ఫ్రెంచి విప్లవంలో అది తిట్టుగా మారింది.

నాకు ముచ్చటైనది ఆ అరిస్టోస్ తోక: “ఇస్టోస్”, ‘అన్నిటికంటే’ అని చెప్పే ప్రత్యయం. సంస్కృతంలో అదే “ఇష్ఠ”. శ్రేష్ఠ, జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ. ఇంగ్లిషు “బెస్ట్” చివర ఉన్నదీ అదే. స్వర్గానికి పారసీ మాట బెహెష్త్ కూడా పాత ఇరానీ “వహిష్త” నుంచి వచ్చింది, అంటే అన్నిటికంటే మంచిది. శ్రేష్ఠి ప్రాకృతంలో సెట్ఠి అయి, మన వీధిలో శెట్టిగారయ్యాడు. ఇవన్నీ అక్కచెల్లెళ్లు. సంస్కృతమే గ్రీకును కన్నదనేవాళ్లకు ఈ వరుస చెప్పి చూశాను, వినరు.

తెలుగు ద్రావిడ భాష, దానికి ఈ తోక లేదు. “అన్నిటికంటే” అని ముందు చేర్చి పని గడుపుకుంటుంది. అరువు తోక మనకు కనబడదు కాబట్టే “అతి శ్రేష్ఠం” అని దానిమీద ఇంకో అతి వేస్తాం. పేపర్లో కాకినాడ ఎండ చూడండి: గరిష్ఠం ఇంత, కనిష్ఠం ఇంత. గరిష్ఠం “గురు” నుంచి పుట్టింది, అంటే అన్నిటికంటే బరువైనది. ఎండను కాటాలో తూచినట్టుంది! జ్యేష్ఠంలో జ్యేష్ఠ సంతానానికి పెళ్లి కూడదని మా ఇంట్లో ఒక ముహూర్తం శ్రావణానికి జరిగింది. తోక ఒకటేనని ఎంత మొత్తుకున్నా పురోహితుడు నవ్వి ఊరుకున్నాడు.

ఇక నిఘంటువుల్లో అరిస్టోక్రాట్‌కు ఇచ్చే మాట కులీనుడు. కులం అంటే వంశం. గ్రీకు మాట పుట్టుకను మేలుతనం చాటున దాచింది, మనది దాచలేదు. ఈ తీరంలో వంశం కూడా పూర్తి హామీ కాదు. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు కింద పేష్కషు, అంటే జమీందారు సర్కారుకు కట్టే శిస్తు, బకాయి పడితే జమీని వేలం వేసేవారు. పాడుకున్నవాడే కొత్త జమీందారు. ఆ జమీలను 1948 చట్టం రద్దు చేసింది.

అమ్మాయి నోటుపుస్తకంలో “జమీందారు” కొట్టేసి “కులీనుడు” అని రాసుకుంది. తోక సంగతి పరీక్షలో రాదట.