రిప్పర్ టూర్లు: ఒక గైడు చెప్పే అపోహలు - వాస్తవాలు

"అక్కా, హంతకుడెవరో ఇప్పుడే చెప్పేస్తారా, చివరిదాకా ఆపుతారా?"

లండన్‌లో ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషన్ బయట తెలుగువాళ్ల గుంపుతో నిలబడ్డానంటే నాకు మొదట వినపడే మాట ఇదే. అడిగినవాళ్ల తప్పు లేదు. వాళ్లకి టికెట్ అమ్మింది ఆ ప్రశ్న పెట్టే.

నేను ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా వాకింగ్ టూర్ గైడుని. మొదటి మూడేళ్లు ఒక చిన్న కంపెనీ కోసం రాత్రి 7 గంటల రిప్పర్ టూర్ నడిపాను. చేతిలో ఐదు లామినేటెడ్ ఫొటోలు ఉండేవి. నాలుగు మార్చురీలో తీసినవి, ఐదోది మేరీ జేన్ కెల్లీ గదిలో, మంచం మీద ఉన్న శవానికి తీసింది. ఒక హత్య జరిగిన మైటర్ స్క్వేర్ చీకట్లో ఫొటో పైకెత్తి టార్చ్ కొడితే గుంపులోంచి "అమ్మో" అన్న శబ్దం రావాలి, అది వస్తే టిప్పులు బాగా పడతాయి అని సీనియర్ గైడు నేర్పాడు. నిజంగానే పడేవి. అంచేత నేను ఈ పోస్టు రాస్తున్నది పక్కవాళ్ల మీద రాళ్లెయ్యడానికి కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1888 ఆగస్టు 31 నుంచి నవంబర్ 9 దాకా లండన్ ఈస్ట్ ఎండ్‌లో, వైట్‌చాపెల్ చుట్టుపక్కల, ఐదుగురు ఆడవాళ్లని ఒకే మనిషి చంపాడని ఎక్కువమంది నమ్ముతారు. వాళ్లు పాలీ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, క్యాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. చంపినవాడు దొరకలేదు, 'జాక్ ద రిప్పర్' అన్న పేరే మిగిలింది. ఆ పేరు మీద ఈ రోజుకీ రాత్రిపూట ఆ వీధుల్లో గుంపులు గుంపులుగా టూర్లు తిరుగుతాయి.

అపోహ: "చనిపోయినవాళ్లంతా వేశ్యలు. అర్ధరాత్రి ఒంటరిగా తిరిగారు, దొరికిపోయారు."

నేను కూడా మూడేళ్లపాటు ఇదే చెప్పాను. గైడుకి ఈ వాక్యం ఎంత సుఖమో చెప్పలేను. ఒక్క మాటతో ఐదుగురి పరిచయం అయిపోతుంది, మిగతా టైమంతా హంతకుడికి ఇవ్వొచ్చు.

పాలీ నికల్స్‌కి 43 ఏళ్లు. కమ్మరి కూతురు. భర్త ప్రింటింగ్ పని చేసేవాడు, ఐదుగురు పిల్లలు. కాపురం చెడిపోయాక ఆవిడ బతుకు వర్క్‌హౌస్‌ల పాలైంది. అంటే పేదలకి ఇంత తిండి పడేసి చాకిరీ చేయించుకునే సర్కారు ఆశ్రమాలన్నమాట. చివరి రోజుల్లో థ్రాల్ స్ట్రీట్‌లోని లాడ్జింగ్ హౌస్‌లో పడుకునేది. రాత్రికి మంచం అద్దె 4 పెన్నీలు. ఆ రాత్రి చేతిలో అవి లేవు, బయటికి పంపేశారు. తలమీద కొత్త టోపీ చూపించి, మంచం డబ్బులు ఇట్టే తెచ్చేస్తానని నవ్వుకుంటూ వెళ్లిందట. ఆ రోజు మంచం డబ్బులు మూడుసార్లు చేతికొచ్చాయనీ, మూడుసార్లూ తాగేశాననీ దారిలో కలిసిన స్నేహితురాలితో తనే చెప్పింది. తెల్లారకముందే బక్స్ రోలో శవం దొరికింది. ఇప్పుడా వీధి పేరు డర్వర్డ్ స్ట్రీట్. వైట్‌చాపెల్ స్టేషన్‌కి వెనకే.

ఆనీ చాప్‌మన్‌కి 47. గుర్రపుబండి తోలే కోచ్‌మన్ భార్య. క్రోషే అల్లికలు అల్లి అమ్ముకునేది. ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరిందనీ, ఒంట్లో తిండిలేని లక్షణాలున్నాయనీ శవపరీక్ష చేసిన డాక్టర్ చెప్పాడు. ఆవిడనీ అర్ధరాత్రి దాటాక మంచం డబ్బులు లేవనే బయటికి పంపారు. స్ట్రైడ్ స్వీడన్ రైతు కూతురు. లండన్ వచ్చి పెళ్లి చేసుకుని, భర్తతో కలిసి పోప్లర్‌లో కాఫీ హోటల్ నడిపిన మనిషి.

అర్ధరాత్రి వాళ్లు వీధిలో ఎందుకున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నాలుగు పెన్నీల దగ్గర ఆగిపోయిన కథ ఇది. కత్తి ఆ తర్వాత వచ్చింది.

వేశ్యల మాటకొస్తే, మేరీ జేన్ కెల్లీ ఆ పనితోనే బతికేదని ఆమెను ఎరిగినవాళ్లు చెప్పారు. స్ట్రైడ్ పేరు స్వీడన్‌లో ఉన్న రోజుల్లో గోథెన్‌బర్గ్ పోలీసులు రాసుకునే వేశ్యల రిజిస్టర్‌లోకి ఎక్కింది. మిగతా ముగ్గురి విషయంలో చరిత్రకారులకే పడదు. ఎడోస్ అలాంటిది కాదని ఆమెతో కలిసి ఉన్న జాన్ కెల్లీ ఇన్‌క్వెస్ట్‌లో, అంటే చావు మీద జరిగిన విచారణలో, కచ్చితంగా చెప్పాడు, లాడ్జింగ్ హౌస్ మేనేజరూ అదే అన్నాడు.

ఇక్కడ నాకొక చిరాకు ఉంది. ఈ సంగతి చెప్పగానే టూరిస్టుల్లో కొందరు "అయ్యో, మంచివాళ్లేనా పాపం" అంటారు. అంటే మేరీ జేన్ మీద జాలి కొంచెం తగ్గించుకోవాలా? ఈ తూకం పాతదే. యార్క్‌షైర్‌లో 13 మంది ఆడవాళ్లని చంపిన పీటర్ సట్‌క్లిఫ్ మీద 1981లో విచారణ జరిగినప్పుడు, వాళ్లలో కొందరు వేశ్యలనీ, కొందరు కాకపోవడమే అన్నిటికన్నా విషాదమనీ సాక్షాత్తూ అటార్నీ జనరల్ కోర్టులో అన్నాడు. 2020లో సట్‌క్లిఫ్ చనిపోయాక, అప్పట్లో బాధితుల గురించి వాడిన భాషకి అక్కడి పోలీసులు క్షమాపణ చెప్పారు. నలభై ఏళ్లు పట్టింది.

అపోహ: "ఆ పేరు వాడు పెట్టుకున్నదే. అది చరిత్ర, మనమేం చేస్తాం?"

ఆ పేరు 1888 సెప్టెంబర్ చివర్లో సెంట్రల్ న్యూస్ ఏజెన్సీకి ఎర్ర సిరాతో వచ్చిన ఒక ఉత్తరంలోది. అది హంతకుడు రాసింది కాదనీ, ఎవరో విలేకరి చేతి పనేననీ అప్పటి పోలీసు పెద్దలే అనుకున్నారు. అంటే పేపర్లు అమ్ముకోవడానికి పుట్టిన పేరు అయ్యే అవకాశమే ఎక్కువ. టికెట్లు అమ్ముకోవడానికి మనం వాడుకుంటున్నాం.

పేరులో ఏముందిలే అనుకుంటే సట్‌క్లిఫ్ కేసు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. పత్రికలు అతన్ని 'యార్క్‌షైర్ రిప్పర్' అన్నాయి. 1978, 79ల్లో ఒక తాగుబోతు పాత రిప్పర్ ఉత్తరాల ధోరణిలోనే పోలీసులకి ఉత్తరాలు రాశాడు, తర్వాత 'నేను జాక్‌ని' అంటూ ఒక టేపు పంపాడు. పోలీసులు దాన్ని నమ్మి, టేపులో వినిపించిన ఈశాన్య ఇంగ్లండ్ వేర్‌సైడ్ యాసవాడి కోసం ఊళ్లకి ఊళ్లు గాలించారు. ఆ యాస లేని సట్‌క్లిఫ్‌ని మొత్తం కేసులో తొమ్మిదిసార్లు ప్రశ్నించి తొమ్మిదిసార్లూ వదిలేశారు. టేపు వచ్చాక అతను ఇంకో ముగ్గురిని చంపాడు. టేపు పంపినవాడు దొరికింది 2005లో, జైలుకెళ్లింది 2006లో.

టూర్‌లో ఇది చెప్తే జనం ఒక్క క్షణం ఫోన్లు దించుతారు.

అపోహ: "ఇదంతా ఇన్‌స్టాగ్రామ్ కాలం వెర్రి."

కాదు. 1888 సెప్టెంబర్‌లోనే, హాన్బరీ స్ట్రీట్‌లో చాప్‌మన్ శవం దొరికిన పెరడు చూపించడానికి పక్కిళ్లవాళ్లు కిటికీకి ఇంత అని వసూలు చేశారు. వైట్‌చాపెల్ రోడ్డులో మైనపు బొమ్మలు పెట్టి చూపించారు. కమర్షియల్ స్ట్రీట్‌లోని టెన్ బెల్స్ అనే పాత పబ్‌కి 1976లో 'జాక్ ద రిప్పర్' అని పేరు మార్చారు. ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఉద్యమం చేస్తే 1988లో పాత పేరు తిరిగొచ్చింది. వెర్రి ఎంత పాతదో, దాన్ని వద్దన్నవాళ్లూ అంతో ఇంతో పాతవాళ్లే.

అపోహ: "మ్యూజియం అని బోర్డు పెడితే అది చదువే కదా."

2014లో కేబుల్ స్ట్రీట్‌లోని ఒక భవనానికి అనుమతి అడిగినప్పుడు కాగితాల్లో ఉన్నది ఈస్ట్ ఎండ్ ఆడవాళ్ల చరిత్ర మ్యూజియం. 2015 ఆగస్టులో తెర తీస్తే కనపడింది జాక్ ద రిప్పర్ మ్యూజియం. కింది అంతస్తులో మార్చురీ సెట్టింగు, గోడలకి ఆ ఫొటోలు. ఆ ఏడాది హాలోవీన్‌కి ఎడోస్ శవం బొమ్మ పక్కన సెల్ఫీ దిగండని జనాన్ని పిలిచారు. వీధిలో నిరసనలు జరిగాయి. ఆ కోపంలోంచే కొందరు కలిసి ఈస్ట్ ఎండ్ విమెన్స్ మ్యూజియం అనే సంస్థ మొదలుపెట్టారు. కేబుల్ స్ట్రీట్ అంటే 1936లో ఫాసిస్టుల ఊరేగింపుని జనం అడ్డుకున్న వీధి. చెప్పుకోవడానికి అక్కడ సరుకు లేక కాదు.

అపోహ: "ఇన్నేళ్లయింది. ఇప్పుడు నొచ్చుకునేవాళ్లెవరు?"

స్ట్రైడ్ చనిపోయిన చోట ఇప్పుడు ప్రైమరీ స్కూలు ఉంది. ఎడోస్ చనిపోయిన మైటర్ స్క్వేర్‌కి ఆనుకునీ ఒక స్కూలు ఉంది. చుట్టూ కుటుంబాలున్నాయి, వాటిలో ఎక్కువ బంగ్లాదేశీ కుటుంబాలు. వాళ్ల కిటికీ కింద రాత్రి తొమ్మిదింటికి ఒక గైడు గొంతు ఎలా కోశాడో గట్టిగా వర్ణిస్తుంటే పిల్లలు హోంవర్క్ చేసుకోవాలి. ఒకావిడ కిటికీ తెరిచి, చాలా మర్యాదగా, "అది నిన్న కూడా చెప్పారు" అంది నాతో. ఆ రోజు నాకు టిప్పులు తక్కువొచ్చాయి, నిద్ర కూడా.

ఇంకోటి. ఆ టూర్లు ఆల్తాబ్ అలీ పార్కు పక్కనుంచే వెళ్తాయి. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికెళ్తున్న ఆల్తాబ్ అలీ అనే బెంగాలీ కుర్రాణ్ని జాత్యహంకారులు పొడిచి చంపారు. ఎక్కువమంది గైడ్లు అక్కడ ఆగరు. ఎవరు చంపారో తెలిసిన హత్యలో మిస్టరీ ఉండదు కదా.

అపోహ: "తెల్లవాళ్లకే ఈ పిచ్చి. మన దగ్గర ఇలాంటివి సాగవు."

ఈ మాట అన్నవాళ్లకి ఒకటే చెప్తాను. 1987 సెప్టెంబర్ 4న రాజస్థాన్‌లోని దేవ్‌రాలాలో 18 ఏళ్ల రూప్ కన్వర్ భర్త చితిమీద కాలిపోయింది. పదమూడో రోజున జరిగిన చున్రీ ఉత్సవానికి, హైకోర్టు వద్దన్నా, లక్షల్లో జనం వచ్చారు. ఆమె చితిమీద కూర్చున్నట్టు అతికించి తయారుచేసిన ఫొటోలు అమ్ముడుపోయాయి. సతిని పొగుడుతూ ఉత్సవం చేసినా, గుడి కట్టినా, చందాలు వసూలు చేసినా నేరమని ఆ ఏడాదే చట్టం చెయ్యాల్సి వచ్చింది.

అపోహ: "రక్తం లేకపోతే టికెట్లు తెగవు."

ఇది వ్యాపారం ప్రశ్న, వ్యాపారంగానే చెప్తాను. ఇక్కడ వాకింగ్ టూర్ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా నడపొచ్చు. కాబట్టి ఏం చెప్పాలి, ఏం చూపించాలి అన్నది చివరికి గైడు నిర్ణయమే. ఆ టూర్లన్నీ మూసెయ్యమని నేను అనను. ఆ ఐదుగురి గురించి మాట్లాడటం మానేస్తే వాళ్లకి ఒరిగేదేం లేదు. నేను మార్చుకున్నవి చిన్నవే. ఫొటోలు చించేశాను. రాత్రి 7 కాస్తా పొద్దున 10:30 అయింది. గాయాల వర్ణన లేదు. మొదట్లో గుంపులు సగానికి పడిపోయాయి, అబద్ధం ఎందుకు. తర్వాత మెల్లగా స్కూళ్లు, కాలేజీ గ్రూపులు, మన ఊళ్లనుంచి పిల్లల దగ్గరికొచ్చే తల్లిదండ్రులు తోడయ్యారు.

మనవాళ్లయితే నేను ముందు "అనీబిసెంట్ తెలుసా?" అని అడుగుతాను. మదనపల్లె కాలేజీ అనగానే ఎవరో ఒకరు అందుకుంటారు. టాగూర్ 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే కదా అంటారు. ఆ అనీబిసెంటే, ఇండియాకి రాకముందు, 1888 జూన్‌లో ఇక్కడి బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లల జీతాలు, జరిమానాల గురించి వ్యాసం రాసింది. జూలైలో సుమారు 1400 మంది ఆడవాళ్లు పని ఆపేసి బయటికొచ్చారు. సమ్మె చేయించింది ఆవిడేనని అంటారు గానీ, బయటికి నడిచింది వాళ్లంతట వాళ్లే, ఆవిడ తర్వాత తోడు నిలిచింది. రెండు వారాల్లో గెలిచి యూనియన్ పెట్టుకున్నారు. పాలీ నికల్స్ చనిపోయిన వీధికి ఆ ఫ్యాక్టరీ మూడు మైళ్లు కూడా లేదు. అదే ఏడాది, అదే ఈస్ట్ ఎండ్, అదే పేదరికం. ఒక్క రిప్పర్ టూర్‌లోనైనా ఈ సంగతి విన్నారా?

మైటర్ స్క్వేర్‌లో ఇప్పుడు ఫొటోకి బదులు ఒక జాబితా చదువుతాను. ఎడోస్ దగ్గర దొరికిన వస్తువులని పోలీసులు రాసుకున్న జాబితా. ఒక డబ్బాలో టీ, ఒక డబ్బాలో పంచదార. సబ్బు ముక్కలు, దువ్వెన, సూదులు, గుడ్డ పేలికలు. విరిగిన కళ్లజోడు ముక్క. ఒకే ఒక్క ఎర్ర గ్లవ్. ఆవాల డబ్బాలో రెండు తాకట్టు రసీదులు, వాటిలో ఒకటి జాన్ కెల్లీ బూట్లది, రెండున్నర షిల్లింగులకి. ఉండటానికి ఇల్లు లేదు కాబట్టి ఇల్లంతా ఒంటిమీదే.

పోయిన వేసవిలో తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొడుకు ఫొటోలు తీసుకుంటుంటే, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "బూట్లు తాకట్టు పెడితే మరి ఆ అబ్బాయి కాళ్లకి ఏం వేసుకున్నాడమ్మా?"

"ఏమీ లేవండీ. ఈవిడ లోపల తాకట్టు పెడుతుంటే తను గుమ్మం దగ్గర వట్టి కాళ్లతో నిలబడ్డానని కోర్టులో చెప్పాడు."

"ఆ డబ్బులు?"

"తిండికీ తాగుడికీ అయిపోయాయండీ."

ఆవిడ తలూపింది. "పంచదార మిగిల్చుకుందిలే పాపం," అని కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది.