738 గరగరలాడితే స్పీకరు మార్చకండి: ఏఎం రేడియో డిటెక్టర్, ఏజీసీ అపోహలు - వాస్తవాలు

"హైదరాబాద్ ఎ పెడితే గొంతు గరగరలాడుతోంది. రాత్రిపూట విజయవాడ మాత్రం సాఫ్‌గా వస్తోంది. కొత్త స్పీకరు ఎంతవుతుంది?" పాత సెట్టు సంచిలో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీ దాకా వచ్చేవాళ్లు అడిగే మాట ఇది. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. స్పీకరు కోన్ చిరిగితే అది హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ అనీ విజయవాడ 837 అనీ తేడా చూడదు, రెంటికీ ఒకేలా గరగరలాడుతుంది. దగ్గరి స్టేషన్‌కే వచ్చి దూరపు స్టేషన్‌కి రాని జబ్బు వాల్యూమ్ కంట్రోల్‌కి ముందున్న సర్క్యూట్లో ఉంటుంది. అయినా ముందు స్పీకరు మారుస్తారు, తర్వాత ఆడియో ఐసీ మారుస్తారు, చివరికి ఐఎఫ్‌టీల (స్టేషన్ సిగ్నల్‌ని 455 కిలోహెర్ట్జ్‌కి మార్చాక పెంచే ఐఎఫ్ భాగంలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల) కోర్లు తిప్పుతారు. నాన్నగారి సెట్టు అని భద్రంగా దాచుకున్నది అక్కడితో మూలపడుతుంది.

అపోహ 1: బలమైన స్టేషన్ పగిలినట్టు వినిపిస్తే ఆడియో భాగం పోయినట్టే.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 738 పెట్టి వాల్యూమ్‌ని చెవి ఆనిస్తే తప్ప వినపడనంత తగ్గించండి. అంత తగ్గించినా గరగర ఉండి, అదే వాల్యూమ్‌లో దూరపు స్టేషన్ సాఫ్‌గా వస్తే స్పీకరూ ఐసీ నిర్దోషులు. పెంచినప్పుడే వస్తుంటే ముందు సెల్స్ చూడండి, తర్వాత ఆడియో చూడవచ్చు.

తగ్గించినా గరగర పోలేదనుకుందాం. స్టేషన్ పంపే మోత అల (క్యారియర్) నుంచి మాటను విడదీసేది డిటెక్టర్ డయోడ్. దాన్నుంచి రెండు సరుకులు బయటికొస్తాయి. ఒకటి మనం వినే ఆడియో, రెండోది క్యారియర్ బలాన్ని బట్టి పెరిగే తగ్గే డీసీ. ఆడియో వాల్యూమ్ పాట్‌కి పోతుంది. డీసీ సుమారు 5.6 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాటి, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ మీద నిలకడ పొంది, మొదటి ఐఎఫ్ ట్రాన్సిస్టర్ బేస్‌కి చేరుతుంది. బీఎఫ్194 లాంటి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లున్న నెగటివ్ ఎర్త్ సెట్టులో ఈ డీసీ నెగటివ్‌గా వచ్చి బయాస్‌ని (ట్రాన్సిస్టర్‌ని నడిపే వోల్టేజిని) కిందికి లాగుతుంది. కరెంటు తగ్గుతుంది, దాంతో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, తగ్గుతుంది. ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్) అంటే ఇంతే. ఈ దారిలో మూడు చోట్ల తేడా రావచ్చు, మూడింటి లక్షణాలూ వేరు.

దారి తెగితే, అంటే రెసిస్టర్ ఓపెన్ అయితేనో, డ్రై సోల్డర్ వస్తేనో, దూరపు స్టేషన్లు మామూలుగానే వస్తాయి. దగ్గరి స్టేషన్‌కి మాత్రం గెయిన్ తగ్గదు, చివరి ఐఎఫ్ స్టేజి అల కొసలను కోసేస్తుంది. పైన చెప్పిన గరగర అదే.

కెపాసిటర్ ఎండిపోతే బాస్ పోతుంది. ఆడియోలోని మెల్లటి అలలు కూడా బేస్ దాకా పోయి గెయిన్‌ని తమకే వ్యతిరేకంగా ఆడిస్తాయి. మృదంగం ఎడమ వైపు దరువు వినపడదు, వార్తలు చదివే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చాలా సెట్టుల్లో ఐఎఫ్‌టీ సెకండరీ చివరను ఎర్త్ చేసేది కూడా ఈ కెపాసిటరే, అందుకని సెట్టు మందగించడమో కూత పెట్టడమో కూడా జరగొచ్చు.

కెపాసిటర్ లీకైతే కథ తిరగబడుతుంది. బయాస్ వచ్చేది చాలా పెద్ద రెసిస్టర్ గుండా కాబట్టి పది కిలో ఓమ్‌ల లీకు చాలు, బేస్ ఎప్పుడూ కిందికే ఉంటుంది. అన్ని స్టేషన్లూ నీరసపడతాయి. "ట్రాన్సిస్టర్ వీకైంది" అనే తీర్పు ఇక్కడే పడుతుంది.

కొలిచే పద్ధతి ఇది. ముందు సెల్స్ వోల్టేజి చూసుకోండి. డిజిటల్ మల్టీమీటర్‌ని డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్ ఎర్త్‌కి, ఎర్ర ప్రోబ్ మొదటి ఐఎఫ్ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌కి ఆనించండి. స్టేషన్ లేని చోట రేడియో డయల్ ముల్లు ఉంచి మీటర్ అంకె రాసుకోండి. అది 0.5 వోల్టు అనుకుందాం. ఇప్పుడు 738కి తిప్పండి. అంకె కళ్లముందే సగానికో అంతకన్నా కిందికో జారాలి. కదలకపోతే ఏజీసీ బేస్ దాకా రావడం లేదు: రెసిస్టర్, డయోడ్, ట్రాక్ చూడండి. స్టేషన్ లేకపోయినా అంకె దాదాపు సున్నా దగ్గరుంటే కెపాసిటర్ ఒక కాలు ఊడదీసి మళ్లీ కొలవండి, అంకె లేచిందంటే దొంగ దొరికినట్టే. అంకె సరిగ్గా జారుతున్నా బాస్ లేకపోతే, పాతదాని మీదే కొత్త 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని క్షణం ఆనించి వినండి. ప్లస్, మైనస్ పాతది ఎలా ఉంటే అలాగే. పాత జర్మేనియం పీఎన్‌పీ సెట్టుల్లో ఎర్త్ పాజిటివ్ కాబట్టి కెపాసిటర్ ప్లస్ కాలు ఎర్త్‌కి ఉంటుంది. బోర్డు మీద గుర్తు చూడకుండా అలవాటు కొద్దీ వేస్తే కొత్తదీ పాడవుతుంది.

చాయ్ డబ్బులతో పోయే పని ఇది. దీనికి స్పీకరు మార్పించుకున్నవాళ్ల తప్పేం లేదు, వాళ్లకు చెప్పినవాళ్లు ఒక్కసారి మీటరు పెట్టి ఉండాల్సింది.

అపోహ 2: పదికి బదులు వంద మైక్రోఫారడ్ వేస్తే ఇంకా మంచిది.

5.6 కిలో ఓమ్‌లకి 10 మైక్రోఫారడ్ అంటే ఏజీసీ సర్దుకునే కాలం (టైమ్ కాన్‌స్టంట్) సుమారు 56 మిల్లీసెకన్లు. వంద వేస్తే అర సెకను దాటుతుంది. 738 మీదుగా వేగంగా ముల్లు తిప్పితే ఆ పక్క స్టేషన్ దగ్గర సెట్టు కాసేపు చెవిటిదైపోతుంది, "అక్కడ గ్యాంగ్ (స్టేషన్ తిప్పే కండెన్సర్) ఖాళీ కొడుతోంది" అంటారు. 10 మైక్రోఫారడ్, 16 వోల్టులు. అంతకు మించి ఔదార్యం వద్దు.

అపోహ 3: సౌండ్ తగ్గితే ఐఎఫ్‌టీ కోర్లు కాస్త తిప్పితే సర్దుకుంటుంది.

నిన్నటిదాకా పాడిన సెట్టులో కోర్లు రాత్రికి రాత్రి వాటంతట అవి తిరగవు. తిప్పేముందు ఇంకో సంగతి గుర్తుండాలి. బలమైన స్టేషన్ పెట్టి తిప్పితే ఏజీసీ మీ కష్టాన్ని దాచేస్తుంది. కోర్ సరైన చోటుకి వచ్చేకొద్దీ గెయిన్ తగ్గిస్తుంది కాబట్టి చెవికి శిఖరం తెలియదు, చదును తెలుస్తుంది. ఆ చదునులో ఎక్కడో ఆపేసి బాగైందనుకుంటారు. తర్వాత దూరపు స్టేషన్లు మాయం.

తిప్పక తప్పదంటే పగటిపూట నీరసంగా వచ్చే స్టేషన్ పెట్టండి, లేదా ఫెర్రైట్ రాడ్‌ని స్టేషన్ దిక్కుకి గురిపెట్టి సిగ్నల్ పడిపోయేలా చేయండి. చెవిని నమ్మకుండా పైన చెప్పిన ఎమిటర్ వోల్టేజి చూడండి, అది బాగా కిందికి దిగినచోటే ట్యూనింగ్ కుదిరినట్టు. ప్లాస్టిక్ ట్రిమ్మింగ్ టూల్‌తో, ముందు నలుపు, తర్వాత తెలుపు, చివర పసుపు. ఎర్ర కోర్ ఆసిలేటర్‌ది, దాన్ని ముట్టుకుంటే డయల్ మీద అంకెలన్నీ జరిగిపోతాయి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు. అది దగ్గరికొస్తేనే ఇండక్టెన్స్ మారుతుంది, గట్టిగా తిప్పితే కోర్ పగులుతుంది, పగిలిన ముక్క ఇరుక్కుంటే ఆ క్యాన్ (ఐఎఫ్‌టీ రేకు డబ్బా) ఇక పనికిరాదు.

అపోహ 4: డిటెక్టర్ డయోడ్ ఎటు వేసినా పాట వస్తుంది కదా.

పాట వస్తుంది, అదే చిక్కు. అలలో పై సగమైనా కింది సగమైనా అదే ఆడియో మోస్తుంది. డీసీ మాత్రం తిరగబడుతుంది. ఎన్‌పీఎన్ సెట్టులో తిరగేసి వేస్తే నెగటివ్ రావాల్సిన చోట పాజిటివ్ వస్తుంది, స్టేషన్ ఎంత బలంగా ఉంటే గెయిన్ అంత పెరుగుతుంది. బ్రేకు తొక్కాల్సిన చోట యాక్సిలరేటర్ తొక్కినట్టు. నెగటివ్ ఎర్త్ ఎన్‌పీఎన్ సెట్టుల్లో సాధారణంగా గీత ఉన్న కాలు ఐఎఫ్‌టీ వైపు, గీత లేని కాలు వాల్యూమ్ వైపు ఉంటాయి. అనుమానం ఉంటే దగ్గరి స్టేషన్ పెట్టి పాట్ పై కాలు మీద వోల్టేజి కొలవండి, నెగటివ్ వైపు పోవాలి.

పక్కనే ఇంకో అపోహ: ఓఏ79 దొరకడం లేదు కాబట్టి 1ఎన్4148 చాలు. జర్మేనియం డయోడ్ 0.2, 0.3 వోల్టుల దగ్గరే తెరుచుకుంటుంది, సిలికాన్‌కి 0.6 కావాలి. దగ్గరి స్టేషన్ ఎలాగో దూరుతుంది, దూరపుది గుమ్మం బయటే ఆగిపోతుంది. బలమైన స్టేషన్‌లో కూడా మాడ్యులేషన్ లోయలు తెగిపోతాయి. 1ఎన్60 గానీ, బీఏటీ43 లాంటి షాట్కీ గానీ తీసుకోండి. కొనేచోటే మీటర్‌ని డయోడ్ రేంజిలో పెట్టి చూడండి. 0.6 చూపిస్తే పైన ఏ పేరు ముద్రించి ఉన్నా అది మామూలు సిలికానే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికే చచ్చిన సెట్టుల్లోంచి పీకిన పాత జర్మేనియం డయోడ్లు చాలావరకు ఇప్పటికీ పనిచేస్తాయి. సోల్డర్ చేసేటప్పుడు కాలుని ట్వీజర్‌తో పట్టుకోండి, వేడి ఎక్కువైతే జర్మేనియం బతకదు.

అపోహ 5: వాల్యూమ్ పాట్ ఏ విలువదైనా ఫర్వాలేదు.

ట్రాన్సిస్టర్ సెట్టులో ఆ పాట్ వాల్యూమ్ కోసమే కాదు, డిటెక్టర్‌కి లోడ్ కూడా అదే. 5 కిలో ఓమ్‌లు, పక్కన 0.01 మైక్రోఫారడ్ ఫిల్టర్: టైమ్ కాన్‌స్టంట్ 50 మైక్రోసెకన్లు. 455 కిలోహెర్ట్జ్ అల ఒక చుట్టు 2.2 మైక్రోసెకన్లే కాబట్టి అది నునుపవుతుంది, ఆడియో చెడదు. స్విచ్ ఉన్న 5కె దొరకలేదని 50కె వేశారనుకోండి, 500 మైక్రోసెకన్లయింది. 3 కిలోహెర్ట్జ్ అల ఒక చుట్టుకి పట్టేది 333. కెపాసిటర్ దిగేలోపు అల చుట్టున్నర తిరిగొస్తుంది. స, శ లాంటి అక్షరాలు చీరుకుపోతాయి. 50కె తప్ప వేరే దారి లేకపోతే దాని రెండు చివరి కాళ్ల మధ్య 5.6కె రెసిస్టర్ వేయండి, లోడ్ మళ్లీ 5కెకి వస్తుంది. తిప్పే తీరు కొంచెం మారుతుంది, అది భరించవచ్చు.

పాట్ తిప్పినప్పుడల్లా బరబరమంటే పాట్ కన్నా ముందు దాని మధ్య కాలు నుంచి ఆంప్లిఫైయర్‌కి పోయే కప్లింగ్ కెపాసిటర్‌ని అనుమానించండి. అది లీకైతే పాట్ మీద డీసీ పారుతుంది, ఎంత శుభ్రం చేసినా బరబర తిరిగొస్తుంది.

అపోహ 6: ఏజీసీ బలహీనమైన స్టేషన్‌ని పెంచుతుంది.

లేదు. అది తగ్గించడమే ఎరుగును. సిగ్నల్ లేనప్పుడు సెట్టు పూర్తి గెయిన్‌లో ఉంటుంది, స్టేషన్ల మధ్య హోరు అందుకే. హోరు వస్తోందంటే ఐఎఫ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టర్, సెల్ చార్జర్ల రొద కూడా ఏజీసీకి సిగ్నలే, దాన్ని చూసి గెయిన్ తగ్గించేస్తుంది. పాపం స్టేషన్ కూడా దానితో పాటు తగ్గుతుంది. మెయిన్ ఆపేసి సెల్స్ మీద వినండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ఫోన్ టవర్ మీద నింద వేసే ముందు మీ ఇంటి ట్యూబ్‌లైటు ఆపి చూడండి.

పొడుగు వైరు ఏరియల్ కట్టినా దగ్గరి స్టేషన్ బాగుపడదు. చాలా చిన్న సెట్టుల్లో ఏజీసీ ఐఎఫ్‌నే పట్టుకుంటుంది, దానికి ముందుండి స్టేషన్‌ని ఐఎఫ్‌కి మార్చే మిక్సర్ ఆ వైరు తెచ్చిన సిగ్నల్‌కి నిండిపోతే అదేం చేయలేదు. కొన్ని పాత డిజైన్లలో మొదటి ఐఎఫ్‌టీ దగ్గర రెండో డయోడ్ ఒకటి కనిపిస్తుంది. ఎక్కువైన సిగ్నల్‌ని అక్కడే అణిచే ఓవర్‌లోడ్ డయోడ్ అది. అదనం అనుకుని పీకేయకండి.

రాత్రి దూరపు స్టేషన్ ఉబ్బుతూ తగ్గుతూ, మధ్యమధ్య బొంగురుపోతుంటే రిపేరుకి తేవద్దు. ఆకాశం నుంచి వచ్చే అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒక్కోసారి క్యారియర్ ఒక్కటే పడిపోతుంది, ఏజీసీ తాను తొక్కిపెట్టిన గెయిన్‌ని వదిలేస్తుంది, డయోడ్ తికమకపడుతుంది. సెట్టు బాగానే ఉంది.

మిగతావి గబగబా. డిలేడ్ ఏవీసీ (ఏవీసీ అన్నా ఏజీసీయే) అంటే ఆలస్యంగా పనిచేసేది కాదు, సిగ్నల్ ఒక మట్టం దాటాకే మొదలయ్యేది. టీఏ7642 మూడు కాళ్ల ఐసీకి 9 వోల్టులు ఇస్తే ఎక్కువ పలకదు, కూస్తుంది. దానికి 1.5 వోల్టు సెల్ చాలు, దాని ఏజీసీ సప్లై రెసిస్టర్ మీదే ఆధారపడి ఉంటుంది. వాల్వు సెట్టుల్లో ఏవీసీ లైన్ 1 మెగ్‌ఓమ్ వెనకుంటుంది కాబట్టి పాత ముల్లు మీటర్ పెడితే వోల్టేజి కుంగి లేదనిపిస్తుంది, 10 మెగ్‌ఓమ్‌ల డిజిటల్ మీటరే వాడండి. అక్కడి 0.05, 0.1 మైక్రోఫారడ్ పేపర్ కెపాసిటర్లను కొలవడం కూడా దండగ, మార్చేయండి. యూసీహెచ్81, యూఎల్84 వాల్వులున్న సెట్టులో చాసిస్‌కే కరెంటు ఉండొచ్చు, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చేయి పెట్టకండి.

ఇక 910 దగ్గర ఈల. కడప స్టేషన్ 900 మీద ఉంది కదా, ఏదో స్టేషన్ దానితో కొట్లాడుతోందంటారు. 455ని రెండుతో గుణిస్తే 910. డిటెక్టర్ డయోడ్ పుట్టించే రెండో హార్మోనిక్ గాల్లోంచి తిరిగి ఫెర్రైట్ రాడ్‌ని చేరితే ఆ ఈల వస్తుంది. డయోడూ ఫిల్టర్ కెపాసిటరూ చాలా సెట్టుల్లో చివరి ఐఎఫ్‌టీ క్యాన్ లోపలో, దాన్ని ఆనుకునో ఉండేది ఇందుకే. ఎవరో విప్పి మళ్లీ పెట్టేటప్పుడు క్యాన్ రెండు కాళ్లలో ఒకటి సోల్డర్ చేయకుండా వదిలేసి ఉంటారు. ఆ కాలు చూడండి, చుట్టూ సన్నటి నల్లటి గీత కనిపిస్తే మళ్లీ సోల్డర్ చేయండి. డయోడ్ కాళ్లు పొడుగ్గా వదిలేసి ఉంటే కత్తిరించి రాడ్‌కి దూరంగా వంచండి.